అద్దెకు నిశ్శబ్దం

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురే. పిన్ని, బాబాయి, అమ్మమ్మ, సెలవులకి ఊరి నుంచి వచ్చిన పిల్లి. నలుగురే అయినా, మెట్ల మీద నడిచి వెళ్లేవాళ్లకి మాత్రం లోపల పద్నాలుగు మంది కూర్చుని ఆస్తి పంచుకుంటున్నట్టు వినిపించేది.

దానికి మూలకారణం అమ్మమ్మ. ఆవిడకి చెవుడు. ఆవిడతో అరిచి అరిచి ఇంటిల్లిపాదికీ అరవడమే మాటయిపోయింది. ఉప్పు అందుకోమనడానికి అరుపే, గుడ్‌నైట్ చెప్పుకోవడానికీ అరుపే. బాబాయి ఇరవై ఏళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నాడు కనక ఇంజను మీద గెలిచే గొంతు ఆయనకి ముందే ఉంది. ఇంతకీ విచిత్రమేమిటంటే, పిన్ని వృత్తే చెవులు పరీక్ష చెయ్యడం. ఊళ్లోవాళ్ల చెవులన్నిటికీ మిషన్లు అమర్చిన మనిషి కన్నతల్లి చెవికి మాత్రం అమర్చలేకపోయింది. "చెవిలో పురుగు దూరినట్టుంటుందే, నాకొద్దు" అని అమ్మమ్మ ఆ మిషను తీసి పోపుల డబ్బాలో దాచేసింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు.

పిల్లికి పదహారేళ్లు. అసలు పేరు వేరే ఉంది. నడిస్తే చప్పుడు కాదనీ, మాట్లాడితే పక్కనున్నవాళ్లకి కూడా వినబడదనీ బాబాయి ఆ పేరు పెట్టాడు. బళ్లో హాజరు పిలిచినప్పుడు "ఉన్నానండీ" అని చెప్పినా ఆమెకి రెండుసార్లు గైర్హాజరు పడింది. నోటితో చెప్పలేనివన్నీ డైరీలో రాసుకునేది. రాసేటప్పుడు వేళ కూడా వేసేది. 'ఏడూ ఇరవై. బాబాయి మేజోడు ఒకటి కనబడలేదు. పిన్నిని కోప్పడ్డారు. ఏడూ ఇరవై ఐదు. మేజోడు ఆయన కాలికే ఉంది.' ఇలా ఉండేది ఆ డైరీ.

ఆ ఉదయం టిఫిను బల్ల దగ్గర ఒకటే మాట. పదకొండు గంటలకి పిన్ని కొత్త ఆఫీసు గదికి సంతకం పెట్టబోతోంది.

ఇన్నాళ్లూ ఆమె ఒక చెవి డాక్టరుగారి క్లినిక్కులో ఓ మూలగదిలో పని చేసింది. డాక్టరుగారు వయసైపోయిందని నెలాఖరుకి క్లినిక్కు మూసేస్తున్నారు. ఇంకొకరి పంచన చేరడం ఇక చాలు, నా పేరుతో నా బోర్డు ఉండాలని పిన్ని పట్టుబట్టింది. పట్టుబట్టినంత తేలిగ్గా గది దొరకలేదు. ఆ నగరంలో వ్యాపారాలు అలా వెలిగిపోతున్నాయి. ఏ వీధిలో చూసినా కొత్త మేడే, ఏ మేడలో చూసినా ఖాళీ లేదు. ఒకరి బోర్డు దింపుతుండగానే నిచ్చెన కింద ఇంకొకరు తమ బోర్డు పట్టుకుని నిలబడేవారు.

పైగా పిన్నికి కావలసింది అందరికీ కావలసిన గది కాదు. ఆమె పనల్లా చెవిలో ఒక సన్నని కూత వినిపించి, వినబడితే చెయ్యెత్తమనడం. ఆ కూత ఒక్కోసారి దోమ నిట్టూర్పంత ఉంటుంది. సరిగ్గా అప్పుడే బయట ఎవరైనా తలుపు వేశారా, బంగారంలాంటి చెవులున్నవాడికి కూడా చెవుడని కాగితం మీద పడిపోతుంది. అంచేత ఆమె గదికి వెలుతురుందా, నీళ్లున్నాయా అని అడిగేది కాదు. చప్పుడు కొలిచే మీటరు సంచిలోంచి తీసి నేలమీద పెట్టేది. నెల తిరిగాక ఒక మేడ మూడో అంతస్తులో, రోడ్డుకి దూరంగా, వెనకవైపు గది ఒకటి దొరికింది. మూడుసార్లు వెళ్లి చూసింది. మూడుసార్లూ మీటరు ముల్లు కదలకుండా పడుకుంది.

"గుండుసూది పడినా వినబడుతుంది ఆ గదిలో" అంది పిన్ని, కాగితాలు సంచిలో సర్దుకుంటూ. "మూడేళ్లకి రాసుకుంటున్నాం. మొదటి ఏడాది వాళ్లు ఖాళీ చెయ్యమనకూడదు, మనం వదిలి వెళ్లకూడదు."

"ఎందుకు వెళతాం? పాగా వేశాక కదిలేది లేదు" అన్నాడు బాబాయి.

పిల్లి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

గురువారం నాడు పిన్ని క్లినిక్కుకి పోతూ, ఆ గది కొలతలు తీసుకురమ్మని బాబాయినీ పిల్లినీ పంపింది. బాబాయి టేపు ఒక కొస పట్టుకుని పాట పాడుకుంటుంటే, పిల్లి రెండో కొస నేలకి అదిమి పట్టుకుంది. అప్పుడు అరచేతి కింద నేల ఎగిరిపడింది. ఆ తర్వాత చెవికి తెలిసింది, దభ్ మని. అలా చాలాసార్లు. అప్పుడే చెప్పి ఉండవలసింది. కానీ మీటరున్న పిన్నికి తెలియనిది తనకేం తెలుస్తుందిలే అనుకుంది. ఇంటికొచ్చాక డైరీలో రాసి ఊరుకుంది. ఇప్పుడు 'గుండుసూది' అన్న మాట వినేసరికి గుండెలో గుచ్చుకున్నట్టయింది.

"పిన్నీ, ఆ గదిలో..." అంది.

"ఏమండీ, కారు సర్వీసు నుంచి వచ్చిందా?" అని పిన్ని అరిచింది.

"బయటే ఉంది" అని బాబాయి అరిచాడు.

"పిన్నీ, కింద ఏదో మిషను..."

"నా కళ్లజోడెక్కడ పెట్టారు?"

పిల్లి తల దించుకుంది. ఇంకోసారి అందామంటే గొంతు మరీ చిన్నదయింది. ఈసారి మాట బయటికే రాలేదు, పెదవులు మాత్రం కదిలాయి.

బల్లకి ఆ చివర అమ్మమ్మ కంచం మీదనుంచి తలెత్తి ఆ పెదవుల వైపే చూస్తోంది. చెవులు పోయిన పదేళ్లలో ఆవిడ మనుషుల మాటలు పెదవుల మీద చదవడం నేర్చుకుంది. ఎదుటివాళ్లు అరిచినా గొణిగినా ఆవిడకి ఒకటే.

"ఏమిటే, నేల ఎగిరిపడుతోందా?" అంది అమ్మమ్మ, వీధి చివరికి వినబడేలా.

పిన్ని సంచి వదిలేసి ఇటు తిరిగింది.

"ఏ నేలమ్మా?"

"నువ్వు తీసుకుంటున్న గది నేలే. పిల్ల ఇందాకటి నుంచి మొత్తుకుంటోంది కదా, మీ ఇద్దరికీ వినబడటం లేదూ? మళ్లీ చెవుడు నాకంటారు."

అందరూ తనవైపే చూసేసరికి పిల్లికి చెవులు వేడెక్కాయి. ఇక తప్పదని డైరీ తెచ్చి గురువారం పేజీ తీసి, చూడకుండానే పిన్ని చేతికిచ్చింది. పిన్ని పైకే చదివింది.

"'పదీ ముప్పై ఐదు. టేపు పట్టుకున్నాను. నేల ఎగిరింది. ముందు చేతికి తెలిసింది, తర్వాత చెవికి. పదీ నలభై లోపల పదకొండు సార్లు. బాబాయి పాట రెండో చరణంలో ఉన్నారు.'"

"నాకేమీ వినబడలేదే" అన్నాడు బాబాయి.

"మీకెలా వినబడుతుంది? బస్సు హారనే మీకు జోలపాట" అంది పిన్ని. డైరీలోంచి చూపు తియ్యలేదు. "నేను మూడుసార్లూ ఏ వేళకి వెళ్లానండీ?"

"క్లినిక్కులో భోజనాల విరామానికి. ఒంటిగంటకి."

"ఆ మేడలో వాళ్లూ మనుషులే కదా, వాళ్లకీ ఒంటిగంటకే ఆకలేస్తుంది." పిన్ని నవ్వేసింది. "ముప్పై రకాల చప్పుళ్లు కొలిచే చదువు చదివి, భోజనాల వేళ చప్పుడుండదన్నది మరిచిపోయాను. పదండి, ఇప్పుడు తొమ్మిదిన్నర. పదిన్నరకి అక్కడుండాలి. పిల్లీ, నువ్వు ముందు సీట్లో కూర్చో."

"నేనూ వస్తాను" అంది అమ్మమ్మ, చెప్పుల్లో కాళ్లు దూర్చేస్తూ. "వినేదాన్ని నేనొక్కర్తినే ఇంట్లో."

బ్రోకరు మేడ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడం ఆయన వృత్తిలో లేదు. "రండి మేడమ్ రండి, పెద్దమ్మగారు కూడా వచ్చారా, శుభం, కాగితాలన్నీ సిద్ధం, ఈ గదికి నిన్న ఇద్దరొచ్చి అడిగారు, నేనే ఇవ్వలేదు, మాటంటే మాటే కదా మేడమ్" అంటూ మూడంతస్తులూ ఎక్కించాడు. మెట్లు ఎక్కుతున్నంతసేపూ అమ్మమ్మ మోకాళ్లు పట్టుకుని ప్రతి మలుపు దగ్గరా ఆగింది.

గది తలుపు తీసేసరికి పదీ ఇరవై ఐదు. పిన్ని మీటరు నేలమీద పెట్టి, పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. బ్రోకరు ఆపకుండా మాట్లాడుతున్నాడు. కిటికీలో గాలి గురించి, ఎదురుగుండా కనబడే ఆకాశం గురించి, ఇంతకుముందు ఈ గదిలో ఉన్నవాళ్లు ఎంత పైకొచ్చారన్నదాని గురించి.

"ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉంటారా?" అంది పిన్ని.

ఆ నిమిషం ఆయన పడిన అవస్థ చూడాలి. పెదవులు బిగించి, ఏడుపు ఆపుకుంటున్న పసిపిల్లాడిలా నిలబడ్డాడు. గది నిజంగానే నిశ్శబ్దంగా ఉంది. పిల్లికి తన మీదే అనుమానం వచ్చింది. ఆ రోజు తనే ఏదో ఊహించుకుందా? ఇంతమందిని ఇక్కడికి లాక్కొచ్చిందా? బాబాయి ఆమె వైపు చూసి, పరవాలేదన్నట్టు కన్ను కొట్టాడు.

దభ్.

మీటరు ముల్లు ఎగిరి మధ్యకొచ్చి పడింది. అమ్మమ్మ కింద చూసుకుంది. "నా కాలికి తెలిసింది" అంది.

దభ్. మళ్లీ దభ్.

"అది కింద అంతస్తులో పుస్తకాల అంచులు కోసే మిషను మేడమ్" అన్నాడు బ్రోకరు, నిమిషం పూర్తయిందో లేదో చూసుకోకుండా. "రోజూ ఉండదు, ఇవాళేదో పని ఎక్కువుంది, పాప ఏదో విని కంగారు పడి..."

"గురువారం కూడా ఉందండీ" అంది పిల్లి.

ఎప్పుడూ ఎంత మెల్లగా అంటుందో, అంత మెల్లగా. కానీ ఆ గదిలో అప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు కనక అందరికీ వినబడింది. తన గొంతు నలుగురిలో వినబడటం పిల్లికి కొత్త. తడబడుతూనే మిగతాది కూడా చెప్పేసింది. "పదీ ముప్పై ఐదు నుంచి పదీ నలభై దాకా పదకొండు సార్లు. రాసి పెట్టుకున్నాను."

"ఇది చిన్నపిల్ల మేడమ్..."

"దీని చెవులు నేనే పరీక్ష చేశానండీ" అంది పిన్ని లేచి మోకాళ్లు దులుపుకుంటూ. "మీవీ నావీ కలిపినా దీని చెవికి చాలవు. ఈ గది నాకొద్దు. మీ మీద కోపమేమీ లేదు. ఒంటిగంటకి వస్తానన్నది నేనేగా."

సంతకం పెట్టవలసిన రోజు గది చేజారితే మనిషి కూలబడిపోతుందని పిల్లి భయపడింది. పిన్ని కూలబడలేదు సరికదా, మెట్లు దిగుతూ డైరీ పేజీ తిప్పి తరవాతిది కూడా చదువుతోంది. అందులో మేజోడు సంగతుంది, బాబాయి గురక సంగతుంది. పిల్లికి డైరీ లాక్కోవాలనిపించింది. సరిగ్గా రెండో అంతస్తు మలుపులో పిన్ని ఆగిపోయింది. వెనక దిగుతున్న బ్రోకరు ఆమెని గుద్దుకోబోయి గోడ పట్టుకున్నాడు.

"'పదకొండున్నర'" అని చదివింది పిన్ని. "'మంచినీళ్ల కోసం వెనక కట్టడంలోకి వెళ్లాను. ఊడ్చే ఆవిడ చీపుళ్ల గది చూపించింది. తలుపు గోడంత మందం. లోపల నా ఊపిరి నాకే వినబడింది. కాసేపు ఉండిపోదామనిపించింది.' ఇదెక్కడుంది?"

"చీపుళ్ల గదండీ అది!" అన్నాడు బ్రోకరు. ఆ రోజంతా ఆయన నిజంగా ఆశ్చర్యపోయింది అప్పుడే. "ఒకప్పుడు బ్యాంకువాళ్లు నగలు దాచే గది. వాళ్లు వెళ్లిపోయి ఆరేళ్లయింది. కిటికీ లేదు, వెలుతురు లేదు, దాన్ని చూపిస్తే నా పరువు పోతుంది మేడమ్."

"పోనివ్వండి. చూద్దాం."

మేడ వెనక చిన్న ఖాళీ స్థలం, దాని అవతల విడిగా ఒక్క అంతస్తు కట్టడం. ముందు ఒక హాలు, బ్యాంకువాళ్ల చెక్క కౌంటరు ఇంకా అలాగే ఉంది. హాలుకి అడ్డంగా అయిదడుగులు నడిస్తే ఆ గది. అడుగు మందం గోడలు. తలుపు ఇనపది, ఏనుగు చెవిలా వేలాడుతోంది. తాళం నాలుక బ్యాంకువాళ్లే ఎప్పుడో తీసేశారు, నాలుకున్న చోట చిల్లు మాత్రం మిగిలింది. లోపల మూడు చీపుళ్లు, ఒక బకెట్టు, ఒక ఎత్తుపీట. పైన మూల పాత గాలి గొట్టం కన్నం.

పిన్ని మీటరు పీట మీద పెట్టింది. అవతల మేడలో కోతమిషను నడుస్తూనే ఉంది. హాల్లో నిలబడితే ఎక్కడో దూరంగా తెలుస్తోంది. ఈ గదిలో ముల్లు పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

"మెట్లు లేవు" అంది అమ్మమ్మ. గది గురించి ఆవిడకి నచ్చింది ముందు అదే. "నీ దగ్గరకొచ్చేది నాలాంటి ముసలాళ్లే కదే. మూడంతస్తులు ఎక్కించి, ఆయాసపడుతుంటే వినబడటం లేదని రాస్తావా?"

ఆ మాట మూడుసార్లు ఆ మేడెక్కినా పిన్నికి తట్టలేదు.

ఫోను చేస్తే మేడ యజమానురాలే వచ్చింది. కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని మనుషుల్ని దాని మీదనుంచి చూసే పెద్దావిడ. పెద్ద పెద్ద వ్యాపారాలకి గదులిచ్చి వాళ్లని లెక్కచెయ్యని మనిషి.

"పైన ఎండా గాలీ ఉన్న గది వదిలి ఇదెందుకమ్మా నీకు? ఇందులో ఏముందని?"

"ఏమీ లేదండీ. అందుకే కావాలి."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని పిన్నిని మరోసారి చూసింది. "దీన్ని ఎవరూ అడగలేదు ఇంతవరకూ. అద్దె ఎంత చెప్పాలో కూడా నాకు తెలీదు."

"ఎవరూ అడగని గదికి ఎవరూ ఇవ్వని అద్దె చెప్పకండి చాలు" అన్నాడు బాబాయి. ఆవిడ ఉలిక్కిపడి చెవి రుద్దుకుంది.

తరవాత పిన్ని షరతులు చెప్పింది. గాలి గొట్టం బాగు చేయించి చప్పుడు లేని ఫ్యాను పెట్టుకోనివ్వాలి. తలుపుకి ఇక ఎప్పుడూ తాళం నాలుక పెట్టకూడదు, లోపలివాళ్లు తోస్తే రావాలి. పక్కగోడ అవతల ఏ మిషనూ పెట్టేవాళ్లకి అద్దెకివ్వకూడదు. ఈ మాటలన్నీ కాగితం మీద ఉండాలి. ఆమె గొంతు పెంచలేదు, ఎక్కడా ఆగి ఆలోచించుకోలేదు. ఇంట్లో కళ్లజోడు కోసం అరిచే పిన్ని ఇక్కడ ఇంత మెల్లగా మాట్లాడుతుందని పిల్లికి తెలియదు. మెల్లగా చెప్పినా మాట నిలబడుతుందని కూడా అప్పుడే తెలిసింది. యజమానురాలు మూడింటికీ తలూపి, పైన గది కాగితాలే తీసి మూడో అంతస్తు అన్నచోట కొట్టేసి, వెనక కట్టడమని రాయించింది. బ్రోకరు కలం మూత తీసి పిన్నికి అందించాడు. చీపుళ్ల గదికి కూడా కమిషను వస్తుందని తెలిశాక ఆయన పరువు తిరిగొచ్చింది.

పిన్ని కలం తీసుకుంది, కానీ సంతకం పెట్టలేదు.

"పిల్లీ, ఇలా రా."

పిల్లి వెళ్లింది.

"మీటరు ఈ గది బాగుందంటోంది. పైన గది కూడా బాగుందని మూడుసార్లు చెప్పింది ఇదే మీటరు. అంచేత నువ్వు చెప్పాకే సంతకం. లోపల కూర్చో. బాబాయి ఇక్కడ నిలబడి తన శక్తికొద్దీ అరుస్తారు. వినబడితే లోపలి నుంచి తలుపు తట్టు. వినబడకపోతే ఊరుకో. మొహమాటానికి చెప్పకు, నా సంతోషం కోసం చెప్పకు. నీ చెవికి ఏది తెలిస్తే అది."

"నన్ను కూర్చోబెట్టరాదటే? ఏ గదైనా బాగుందనేస్తాను" అంది అమ్మమ్మ.

"నీ వంతు తరవాత. పోపుల డబ్బాలోని నీ చెవి మిషను తెచ్చాను, కార్లోనే ఉంది."

అమ్మమ్మ ఆ మాట పిన్ని పెదవుల మీద చదివింది. ఎప్పటిలా ముఖం పక్కకి తిప్పుకుంటుందని అందరూ చూశారు. ఆవిడ కౌంటరు మీద చెయ్యి ఆనించి, "సరే, పిల్ల తరవాత నేను. ఎలాగూ మెట్లెక్కే పని లేదుగా" అంది.

బాబాయి చొక్కా పైగుండీ విప్పుకున్నాడు. "పిల్లిగారూ, ఇరవై ఏళ్ల బస్సు గొంతు ఇది. కాచుకోండి."

పిల్లి లోపలికి వెళ్లి చీపుళ్లు పక్కకి నెట్టి, మీటరు తీసి కింద పెట్టి, పీట మీద కూర్చుంది. పిన్ని తిరిగిచ్చిన డైరీ ఒళ్లో తెరిచి, పన్నెండూ పది అని వేసి, పక్కన రాయడానికి చోటు ఉంచింది. తల ఎత్తేసరికి తలుపు సందులో నలుగురైదుగురి ముఖాలు ఒకదానిమీద ఒకటి కనబడ్డాయి, అందరూ ఆమెనే చూస్తున్నారు. ఈసారి చెవులు వేడెక్కలేదు. వెన్ను నిటారుగా పెట్టి, సిద్ధమేనని పిన్నికి తలూపింది.

బాబాయి ఛాతీనిండా ఊపిరి పీల్చుకున్నాడు. పిన్ని రెండు చేతులూ ఇనప తలుపుకి ఆనించి, పిల్లి మీద తలుపు మూసేసింది.